బాగైందని నేను చెప్పిన సాక్ష్యం

మాదాపూర్‌లో హైటెక్ సిటీ భవనానికి వైరింగ్ పని చేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున మెట్లెక్కుతుంటే ఊపిరి ఆడలేదు. దగ్గితే రుమాలు మీద రక్తపు చార కనిపించింది. భయం కూడా వేయలేదు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని పనిలోకి వెళ్లాను.

ఎక్స్‌రే, స్పుటం టెస్ట్, అంటే కఫం పరీక్ష అయ్యాక డాక్టర్ చెప్పాడు. "టీబీ. స్పుటం పాజిటివ్. ఆరు నెలలు గోలీలు ఏస్కోవాలె. తక్కువైందని మధ్యల బంద్ చేస్తే మళ్ల మొదటికొస్తది." తల ఊపాను.

రెండు నెలలకు దగ్గు పోయింది, ఒళ్లు చేశాను. కొత్తగూడలో మాది రేకుల షెడ్డు చర్చి. ఆదివారం ఆరాధనలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యాలు చెప్పమంటారు. లేచి, "దేవుడు నన్ను ముట్టిండు, గోలీలు బంద్ పెట్టిన" అన్నాను. చప్పట్లు కొట్టారు. అవి నాకు తీపిగానే ఉన్నాయి, ఒప్పుకుంటున్నాను.

నాలుగో నెలలో మళ్లీ రక్తం పడింది. దవాఖానలో ఇంజెక్షన్లు కూడా కలిపి మందులు మొదటినుంచి మొదలుపెట్టారు. అక్కడ బెంచీ మీద మా చర్చి సుజాతమ్మ కనిపించింది. ఆమెకూ టీబీయే. బాగా చిక్కిపోయింది.

"తమ్మీ, నీ సాక్ష్యం విన్నంక నేను గూడ గోలీలు బంద్ పెట్టిన. నాకు విశ్వాసం చాలలేదేమో. మా ఆయన బలవంతం మీద వచ్చిన గని, గోలీలు ఏస్కోను. ఉపాసముంట" అంది.

నేనెందుకు వచ్చానో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ వారమంతా మా పాస్టరు భార్య పాస్టరమ్మ గుర్తొచ్చింది. మా ఆడవాళ్లు వంటకు ముందు దేవునికని పిడికెడు బియ్యం తీసిపెట్టి చర్చికి తెస్తారు. ఒకసారి ఆ బియ్యం సంచి కనిపించక పాస్టరమ్మ ఒక ముసలమ్మే తీసిందని అందరి ముందూ అంది. సంచి తన ఇంట్లోనే దొరికింది. చాటుగా సర్దుకోవచ్చు. కానీ ఆదివారం ముసలమ్మ చెయ్యి పట్టుకుని లేచి, "అందరి ముందల అన్న, అందరి ముందలనే తప్పు ఒప్పుకుంటున్న" అంది.

ఆదివారం నేనూ లేచాను.

"నాకు బాగు గాలె. మళ్ల రక్తం వడ్డది. గోలీలు ఆపుడు విశ్వాసం కాదు, నా గొప్ప కోసం చెప్పిన. అక్కా, నీ విశ్వాసానికేం తక్కువ లేదు. గోలీలు ఏస్కో."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుజాతమ్మ తల వంచుకుని వెళ్లిపోయింది. మర్నాడు దవాఖాన వరుసలో నాకంటే ముందు నిలబడి ఉంది. నా వైపు చూడలేదు.

ఇప్పుడు నా స్పుటం నెగటివ్. ఆమెదీ నెగటివే. నాతో మాత్రం మాట్లాడదు. కోర్సు పూర్తయి చివరి రిపోర్ట్ చేతికి రానిదే బాగైందని ఎవరికీ చెప్పకండి. మీ మాట నమ్మి మందు మానేసేవాళ్లు ఉంటారు.