చెరిగిపోయిన అన్నం సీను

నా చిన్నప్పుడు నాకు ఒక్కచోట కాలు నిలిచేది కాదు. కోలారు బంగారు గనులు మూతపడిన మరుసటి ఏడు, వేసవి సెలవులు. నాన్న బెంగళూరులో పనికని తెల్లారకముందే రైలెక్కేవాడు. ఇంట్లో నేను, అమ్మ, ముప్పై ఏళ్లు గనిలోకి దిగిన మా తాతయ్య.

మా కార్మికుల ఇళ్ల లైనుకంతా వీసీఆర్ ఒక్కటే, అదీ మాదే. ఎవరు పాత సినిమా తెచ్చుకున్నా దాన్ని వాళ్లింటికి మోసుకెళ్లి బిగించేవాళ్లం. అద్దె క్యాసెట్లను మాత్రం నమ్మడానికి లేదు. పైన తెలుగు పేరుంటే లోపల అరవ సినిమా ఉండేది. ఒకసారి దేవుడి సినిమా మధ్యలో ఎవరిదో పెళ్లి ఊడిపడింది. అవ్వలు దాన్నీ వదలకుండా చివరిదాకా చూశారు.

పక్కింటి తాత ఊపిరితిత్తులను గని దుమ్ము తినేసింది. మంచం దిగలేడు. ఆయన కోరుకున్న సినిమాలో, ఏళ్ల తర్వాత మారువేషంలో వచ్చిన కొడుకును తల్లి గుర్తుపట్టక, ఎవరో బాటసారి అనుకుని అన్నం పెడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ సీను చూసి ఆయన భార్య వెక్కి వెక్కి ఏడ్చిందట. ఆమె పోయింది. ఆ సీను ఇంకొక్కసారి చూడాలని ఆయన ఆశ. ఎలాగో క్యాసెట్ దొరికింది. మళ్లీ మోసపోకుండా, అంతా సరిగ్గా ఉందో లేదో ముందు చూసి పెట్టమని ఆయన కోడలు పొద్దున్నే నా చేతికిచ్చింది.

చూశాను. అన్నం సీను నాకూ నచ్చింది. వెనక్కి తిప్పి, మళ్లీ చూద్దామని ఏదో బటన్ నొక్కి, ఈలోగా నీళ్లు తాగి వద్దామని పరిగెత్తాను. నొక్కింది రికార్డు చేసే ఎర్ర బటన్. దారిలో ఆటలో పడి తిరిగొచ్చేసరికి తల్లీ లేదు, కొడుకూ లేడు. ఎవరో రైతు రాగి పైరు తెగులు గురించి కన్నడంలో చెబుతున్నాడు. టీవీలో వచ్చే వ్యవసాయ కార్యక్రమం సీను మీద ఎక్కేసింది. గబుక్కున ఆపేశాను.

ఎవరూ చూడలేదు. క్యాసెట్ బాగానే ఉందని అమ్మతో చెప్పేశాను. కానీ అన్నం సహించలేదు. గడప దాటడం, లోపలికి రావడం, మళ్లీ దాటడం. తాతయ్య కాసేపు చూసి దగ్గరికి పిలిచాడు. జరిగిందంతా కక్కేశాను. ఆయన తిట్టలేదు. తానే వెళ్లి చెబుతాననీ అనలేదు.

"గనిలో రాతికి పెట్టిన మందు ఒక్కోతూరి పేలకుండా ఉండిపోతాది. పైకొచ్చే షిఫ్టోడు, అది యాడ ఉండాదో దిగేటోడికి ముందే చెప్పాల. తిడతారని దాచినాడా, ఇంగొకడి ప్రాణం పోతాది" అన్నాడు. తర్వాత వీసీఆర్ చంకన పెట్టుకుని నడిచాడు. క్యాసెట్ పట్టుకుని నేను వెనకే.

పక్కింటి గుమ్మంలోనే చెప్పాను. ఆ పెద్దాయన ముఖం పాలిపోయింది. ఊపిరి లాగుతూ గోడవైపు తిరిగాడు. పారిపోవాలనిపించింది.

"ముందే చెప్పినావు, మంచిదైంది. ఆ సీను కాడికి వచ్చినప్పుడు నువ్వే చెప్పమ్మా, ఇంటాను" అన్నాడు చివరికి.

తాతయ్య వీసీఆర్ బిగించి సినిమా పెట్టాడు. గంటకు పైగా కూర్చున్నాను. ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది. రైతు వచ్చాడు. తాతయ్య శబ్దం తగ్గించాడు. నేను లేచి, తల్లి విస్తరి కడగడం, వడ్డించడం, కొడుకు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోవడం, అన్నీ చెప్పుకుపోయాను. పెద్దాయన కళ్లు మూసుకున్నాడు.

"నెయ్యి మరిచినావు. ఆయమ్మ ఉండేదంతా ఊడ్చి ఏసింది" అన్నాడు. కంటి కొన నుంచి నీళ్లు దిండు మీదికి కారుతున్నాయి. నెయ్యితో సహా మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

నేను పోగొట్టింది తిరిగిచ్చానని మాత్రం అనుకోను. ఆయన ఆ సీను చూడకుండానే పోయాడు. ఆ బాధ నాకు ఈనాటికీ పోలేదు. ఇప్పుడు నేను ఆసుపత్రిలో నర్సును. డ్యూటీ దిగేటప్పుడు, నా వల్ల తప్పేదైనా జరిగి ఉంటే తర్వాత వచ్చే అమ్మాయికి అదే మొదట చెబుతాను. ప్రతిసారీ భయమే. అయినా, చెప్పకుండా ఇంటికి వెళ్లిన రోజు ఒక్కటీ లేదు.