రత్నకుమారి మేడంతో తెగని వాదన

మొన్న వేసవి మొదట్లో, ఖమ్మంలో నేను పనిచేసే ల్యాబుకి ఏజెన్సీ వైపు నుంచి ఒక పెద్దాయన జ్వరంతో వచ్చాడు. భుజాన ఉన్న సంచి తీసి బల్ల మీద పెట్టగానే గదంతా ఒక తియ్యటి, పులిసిన వాసన కమ్ముకుంది. కొత్తగా చేరిన అమ్మాయి ముక్కు మూసుకుని "ఏంది సార్ ఈ వాసన?" అంది. "ఇప్పపువ్వమ్మా" అన్నాను. ఎండిన ఇప్పపూలు సంచి అడుగున ఎక్కడో ఉన్నాయి. ఆయన వేలి నుంచి రక్తం తీసుకుంటుంటే ఏసీ గది, తెల్లని టైల్స్ అన్నీ మరిచిపోయాను. భద్రాచలం దాటి అడవిలోకి పోయే దారిలో ఉన్న మా పాత పీహెచ్‌సీ ఆవరణ కళ్లముందుకు వచ్చింది. ఎండాకాలం వస్తే ఆ ఆవరణంతా ఇదే వాసన. ఆ ఆవరణలో కుర్చీ వేయించుకుని పేషెంట్లను చూసే డాక్టర్ రత్నకుమారి మేడం గుర్తుకొచ్చింది. ఆమె పోయి చాలా కాలమైంది. ఆమెతో నేను చేసిన వాదన మాత్రం ఇంకా పోలేదు.

రెండువేల దశకంలో నేను అక్కడ కాంట్రాక్టు మీద ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరాను. మాది ముదిగొండ దగ్గర పల్లె. అడవి నాకు కొత్త. మేడం కొత్తగూడెంలో గని కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి. తండ్రి బొగ్గుబావిలో దిగేవాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడట. మేడం పెళ్లి చేసుకోలేదు. పొట్టిగా, బలంగా, ఎప్పుడూ నలిగిన కాటన్ చీరలో ఉండేది. గొంతు మాత్రం ఆవరణ దాటి రోడ్డు మీదికి వినిపించేది. నేను చేరిన మొదటి వారం, మలేరియా స్లయిడ్లు ఆలస్యమై ఒక పేషెంటును రేపు రమ్మన్నానని ఆ గొంతుతోనే తిట్టింది. "ఆమె గా వాగు దాటి నడిచొచ్చింది నాగేశూ. నువ్వు రేపు రమ్మంటే రేపు మళ్ల దాటాల్నా? కూసోపెట్టి చూసి చెప్పు. గంటసేపైనా సరే, ఆమె కూసుంటది." ఆ రోజు నుంచి దూరం నుంచి వచ్చినవాళ్ల స్లయిడ్ అదే పూట చూడకుండా నేను ల్యాబ్ మూయలేదు. పని నేర్చుకున్నది కాలేజీలో కాదు, అక్కడ, ఆమె దగ్గర.

మా ఇద్దరికీ గొడవ మొదలైంది మా చెల్లె సరిత వల్ల. దానికి పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగు మెట్లెక్కితే పెదవులు నీలం తిరిగేవి. పట్నంలో సర్కారు దవాఖానాకు ఎన్నిసార్లు తీసుకుపోయామో! వరండాలో పడుకోవడం, తారీఖు వేయించుకోవడం, ఆ తారీఖుకి పోతే ఇంకో తారీఖు. నాన్న ఆశ వదిలేసుకున్న సమయంలో ప్రభుత్వం కొత్త బీమా పథకం తెచ్చింది. తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలు, పెద్ద ఆపరేషన్లు ప్రైవేటు హాస్పిటల్లో చేయించి బిల్లు సర్కారే కడుతుంది. సరితకు హైదరాబాదులో ఆపరేషన్ అయింది. ఇంటికి తిరిగొచ్చిన మర్నాడు అది వాకిట్లో నీళ్ల బిందె తనే ఎత్తుకుని లోపలికి నడిచింది. అమ్మ వద్దని అరుస్తూనే ఏడ్చింది. ఆ బిందె చూసిన వాణ్ని నేను. నాకు ఆ పథకం మీద ఎవరు వేలెత్తినా మండేది.

మేడం వేలెత్తింది. మధ్యాహ్నం అన్నాల వేళ, నేను సంబరంగా చెబుతుంటే అంతా విని, సంతోషించి, "దేవునికి స్తోత్రం" అని, ఆ తర్వాత అంది: "కానీ నాగేశూ, ఇది దవాఖానా కట్టుడు కాదు, దవాఖానాను కిరాయికి తెచ్చుకునుడు. నేను చిన్నప్పుడు మా నాయిన పని చేసే కంపెనీ దవాఖానాకు పోతే నీకేం జబ్బు, అది మా లిస్టుల ఉందా అని ఎవ్వరు అడగలే. డాక్టరు ఉండెటోడు, మందు ఉండేది. గంతే. సర్కారు చెయ్యాల్సింది అది."

"మరి మీ సర్కారు దవాఖానాల మా చెల్లెకు ఆపరేషన్ ఎందుకు కాలే మేడం? గిన్నేండ్లు ఏం చేసిండ్రు? మీరు చెప్పినట్టు దవాఖానాలు బాగుపడేదాకా అది ఆగాల్నా? సచ్చిపోతుండె."

"ఆగొద్దు. నేను ఆగమంటలేను."

"మరేమంటున్నరు?"

"ఇక్కడ రెండో నర్సు లేదు, జీపు లేదు, రక్తం లేదు. గుండెకు పైసలున్నయి, జ్వరానికి లేవు. అది అడుగుతున్న."

మా అన్నం గిన్నెలు ఎండిపోయేదాకా ఇలాగే సాగేది. స్టాఫ్ నర్సు మమ్మల్ని చూసి నవ్వుతూ లేచిపోయేది. ఖమ్మం జిల్లాలో పుట్టినవాళ్లకు రాజకీయం మాట్లాడకపోతే అన్నం అరగదు. అయితే మా మాటల్లో జెండాల రంగులు లేవు. ఆమె ఏ పార్టీకి ఓటు వేసేదో నాకు చివరిదాకా తెలియదు. ఆమె గొడవంతా సర్కారు ఏ పని స్వయంగా చేయాలి, ఏది ఇంకొకరి చేత చేయించాలి అన్నదే. ఒకరోజు ఉక్రోషంతో అడిగాను: "మేడం, గింత తిట్టే మీరే మరి పేషెంట్లను ఆ పథకానికి ఎందుకు పంపుతున్నరు?" నిజంగానే ఆమె పంపినంత మందిని ఆ చుట్టుపక్కల ఎవరూ పంపలేదు. కాగితాలు తనే రాసేది, ఫోన్లు తనే చేసేది, బస్సు ఎక్కించేదాకా ఊరుకునేది కాదు. ఆమె ఆశ్చర్యంగా నా వైపు చూసింది. "పథకం తప్పని నేనంటున్న. పేషెంటుది తప్పని ఎన్నడన్న అన్ననా?"

ఆ ఏడు మండల కేంద్రంలో పెద్ద వైద్య శిబిరం పెట్టారు. షామియానా, మైకులు, పట్నం నుంచి డాక్టర్లు. పథకం వల్ల బాగుపడినవాళ్ల తరఫున మాట్లాడమని నన్ను వేదిక ఎక్కించారు. నీళ్ల బిందె సంగతి చెప్పాను. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరుసలో ఒక ముసలమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అందులో ఒక్క అబద్ధం లేదు. నా తర్వాత మేడంని పిలిచారు, స్థానిక డాక్టరు గనక రెండు మంచి మాటలు చెబుతుందని. ఆమె మైకు పట్టుకుని "ఇప్పుడు నాగేశ్ చెప్పింది నిజం. ఆ పిల్లను నేను చూసిన" అని మొదలుపెట్టి, తన దవాఖానాలో లేనివన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. కింద గుసగుసలు మొదలయ్యాయి. ఎవరో "ఇగ దిగమ్మా, భోజనాల టైమైంది" అని అరిచారు. వేదిక మీదున్న నాయకుడు నవ్వుతూ మైకు అందుకుని "మా మేడంకు ప్రేమ ఎక్కువ, కోపం ఇంకా ఎక్కువ" అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి, చీర కొంగు సర్దుకుని దిగింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కనే కూర్చుంది. "బాగ మాట్లాడినవు" అంది. ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అంది. నేను కిటికీలోంచి టేకు చెట్లను చూస్తూ కూర్చున్నాను.

తర్వాత వానాకాలంలో ముత్తమ్మ వచ్చింది. కోయ పిల్ల, కడుపుతో ఉంది, నెలలు నిండుతున్నాయి. భర్త లచ్చయ్య, ఇంకొకతనూ మంచం మీద మోసుకొచ్చారు. స్లయిడ్ అప్పటికప్పుడే చూశాను. ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా, రక్తం నిండా ఉంది. మేడం ఇంజెక్షన్ మొదలుపెట్టింది గానీ, పిల్ల ఒంట్లో రక్తం లేదు, మూత్రం ఆగిపోయింది. నేను వెంట ఉండి భద్రాచలం చేర్చాను. అక్కడ ఆ రోజు ఆమెకు సరిపోయే రక్తం దొరకలేదు. ఖమ్మం తీసుకుపొమ్మన్నారు. "నీకు ఆ హాస్పిటల్లోళ్లు ఎరుకే కదా నాగేశూ, నువ్వు తోడు పో" అంది మేడం ఫోనులో. పథకం కింద సరితను మొదట చూపించిన ఖమ్మం ప్రైవేటు హాస్పిటలే అది. పథకం బోర్డు గేటు మీదే ఉంది. కౌంటర్లో కుర్రాడు మంచివాడు, నన్ను గుర్తుపట్టాడు కూడా. కంప్యూటర్లో చూసి, ఇంకోసారి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు: "అన్నా, ఇది జ్వరం కేసు. మన దాంట్ల రాదు. ఆపరేషన్ ఏదన్న ఉంటె నేనే ఎక్కిద్దును."

లచ్చయ్యకు ఆ మాట అర్థం కాలేదు. తడిసిన చొక్కా జేబులోంచి రేషన్ కార్డు తీసి రెండు చేతులతో నాకు చూపించాడు. "కార్డు ఉంది గద సారూ" అన్నాడు.

అక్కడి నుంచి పెద్ద సర్కారు దవాఖానాకు పరిగెత్తాం. నింపాదిగా ఎవరూ లేరు. ఉన్న ఇద్దరు డాక్టర్లూ నలుగురి పని చేస్తున్నారు. కింద పరుపు వేసి, రక్తం ఎక్కించడం మొదలుపెట్టారు. సాయంత్రానికి ముత్తమ్మ పోయింది. కడుపులో బిడ్డ అంతకు ముందే పోయిందని చెప్పారు. లచ్చయ్య ఏడవలేదు. వాళ్ల భాషలో ఆమె చెవి దగ్గర ఏదో చాలాసేపు మాట్లాడాడు.

మర్నాడు నేను పీహెచ్‌సీకి వచ్చేసరికి మేడం ఆవరణలోనే ఉంది. ఆమె ఏం అంటుందోనని దారి పొడవునా సిద్ధపడి వచ్చాను. "తిన్నవా?" అంది. తల అడ్డంగా ఊపాను. తన టిఫిన్ డబ్బా నా ముందుకు జరిపింది. నేను మూత తీస్తుంటే, "సరితకు చెకప్ ఈ నెలల్నే కదా? లీవు పెట్టుకో, నేను సంతకం పెడత" అంది. నాకు దుఃఖం పొంగింది. "అనండి మేడం. మీరన్నట్టే అయింది కదా, అనండి" అన్నాను.

"ముత్తమ్మ సచ్చిపోతే అది నాకు గెలుపైతదా నాగేశూ?" అంది. అంతే. లేచి ఓపీ చూడటానికి తన కుర్చీ దగ్గరికి నడిచింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నాకు ఖమ్మంలో ప్రైవేటు ల్యాబులో ఉద్యోగం దొరికింది. ఇంటికి దగ్గర, సరిత చెకప్‌లకూ దగ్గర. మేడం అడ్డు చెప్పలేదు. నేను బయలుదేరే రోజు మైక్రోస్కోపు కటకాలు తనే తుడిచి, ముసుగు కప్పి, "జల్దీ ఇంకొకర్ని ఇస్తరులే" అంది. ఇవ్వలేదు. నా పోస్టు అలాగే ఉండిపోయింది. స్లయిడ్లు ఎక్కడికో పంపేవాళ్లు. ఫలితం వచ్చేసరికి జ్వరమన్నా తగ్గేది, మనిషన్నా పోయేవాడు. సెలవు రోజుల్లో వచ్చి పొమ్మని మేడం ఫోన్ చేస్తే కొన్ని ఆదివారాలు వెళ్లాను. పెళ్లయ్యాక కుదరలేదు. చివరిసారి ఆమె ఫోన్ చేసినప్పుడు మళ్లీ పాత వాదనే లేచింది. నేను విసుగ్గా ఉన్నానో ఏమో, "మేడం, మీరొక్కరు పట్టుకుంటె దవాఖానా నిలబడుతదా? కాలం మారింది" అన్నాను. "అవ్, మారింది" అని పెట్టేసింది. మామూలుగా అయితే మర్నాడు మళ్లీ చేసి ఇంకో పాయింటు చెప్పేది. చేయలేదు. నేనూ చేయలేదు. చేద్దామనుకుంటూనే రోజులు గడిచిపోయాయి.

రిటైరైన కొద్దికాలానికే ఆమెకు పక్షవాతం వచ్చిందని పాత స్టాఫ్ నర్సు చెప్పింది. కొత్తగూడెం వెళ్లాను. తన చెల్లెలు విమలమ్మ ఇంట్లో, కిటికీ పక్క మంచం మీద ఉంది. ఒక పక్క పడిపోయింది. అన్నిటికంటే నన్ను కదిలించింది ఆ గొంతు. ఆవరణ దాటి రోడ్డు మీదికి వినిపించే గొంతులో ఇప్పుడు ఒక్కో అక్షరం కూడా పూర్తిగా రావడం లేదు. నన్ను గుర్తుపట్టింది. మంచిగున్న చేతితో నా చెయ్యి పట్టుకుంది. సరితకు కొడుకు పుట్టాడని చెబితే ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి ఉండబట్టలేక, "మేడం, అప్పుడు మీరన్నదే నిజం" అన్నాను.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తల అటూ ఇటూ కదిలించింది. పెదవులు కూడదీసుకుని, చాలా కష్టం మీద, "స... గం" అంది. ఇన్నేళ్ల మా గొడవకు ఒక్క మాటలో తీర్పు చెప్పిందనుకున్నాను. అంతలో వంటింట్లోంచి విమలమ్మ వచ్చి, "అవ్ అక్కా, తెస్తున్న. పగటి గోళీ సగమే ఎయ్యాలె, నేను మర్చిపోతనని రోజు తనే యాది చేస్తది" అంటూ మాత్రను విరిచి ఆమె నాలుక మీద పెట్టి నీళ్లు పట్టింది. మేడం నీళ్లు మింగింది. మింగుతున్నంతసేపూ నన్నే చూస్తోంది. ఏ సగం మేడం, అని అడగాలనిపించింది. ఆమెను అంత కష్టపెట్టడానికి మనసు రాలేదు. ఆ చలికాలం దాటకముందే ఆమె పోయింది.

సరిత కొడుకు ఇప్పుడు బడికి పోతున్నాడు. ముత్తమ్మ బిడ్డ ఉంటే వాడికంటే పెద్దది. ఈ రెండూ నిజాలే, ఒకదాన్ని చూపించి ఇంకొకదాన్ని కొట్టేయడం నాకు చేతకాదు. దవాఖానాల గురించి ఎక్కడ మాట వచ్చినా, ఏ ప్రభుత్వం ఏ కొత్త పథకం ప్రకటించినా, నా లోపల మేడం, అప్పటి నాగేశూ మళ్లీ అన్నం గిన్నెల ముందు కూర్చుంటారు. ఒకప్పుడు ఒక పక్షం మాట్లాడితే సరిపోయేది. ఇప్పుడు రెండు పక్షాలూ నేనే మాట్లాడుకోవాలి. నా వైపు మాటలు సులువుగానే వస్తాయి. ఆమె వైపు మాటలు చెప్పడానికే నా గొంతు చాలదు.