ఫ్రిజ్‌లోని పాలడబ్బాలు, నేనంటించిన చీటీలు

నా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు. బీజాపూర్‌లో రాత్రి బడికి వెళ్ళి నేను డిగ్రీ పొందినది హిందీలో.

మా కోడలు రేపు నర్సు ఉద్యోగంలో తిరిగి చేరవలసి ఉన్నది. పసివాని కొరకు రెండు రోజులుగా తన పాలు తీసి, నాలుగు చిన్న డబ్బాలలో ఫ్రిజ్‌లో దాచినది. ప్రతి డబ్బాకు తేదీ వేసి, "బిడ్డ కొరకు, పారబోయరాదు" అని హిందీలో చీటీ అంటించినవాడను నేనే. అక్షరాలు అచ్చు వేసినట్లు కుదిరినవి.

ఈ ఉదయం చూడగా డబ్బాలన్నీ కడిగి బోర్లించి ఉన్నవి. తల్లిపాలు ఎవరి కాలి కిందా పడరాదని, మిగిలినవి చెట్టు మొదట్లో పోయుట మా ఆచారం. నా భార్య మల్లెచెట్టుకు భక్తిగా పోసినది. కోడలు కన్నీళ్ళు పెట్టుకున్నది.

"చీటీ ఉన్నది కదా!" అన్నాను.

"ఏందయ్యా, నాకు చదువొస్తదా? పొద్దంత నీ పక్కనే ఉంటి. నోటితోని చెప్తే నీ డిగ్రీ అరిగిపోతదా?" అన్నది నా భార్య.

సాయంత్రానికి కోడలు మళ్ళీ రెండు డబ్బాలు నింపినది. ఫ్రిజ్‌కు ఇప్పుడు నా భార్యే కాపలా.

మీ ఇండ్లలో ఇట్లాంటి చీటీలున్నవా? తెలుపగలరు. చదువుకున్న మామలందరూ దీనిని చదవవలెను. చదువురాని అత్తలకు బిగ్గరగా చదివి వినిపించవలెను.