గడప మీద ఉప్పు

గులాబీ రంగులో ఉన్నంత మాత్రాన ఉప్పు ఉప్పు కాకుండా పోతుందా? పొద్దున్నుంచీ మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఇదే గొడవ. "ఈ ఉప్పు ఎంత తిన్నా బీపీ రాదట" అంటూ బాబాయి ఓ వీడియో పంపాడు. ఊరుకుంటానా? ఒక చేత్తో టైప్ చేస్తూ, రెండో చేత్తో పప్పులోకి నిమ్మచెక్క పిండుతున్నాను. రసం వేలి మీది గాటుకి తగిలి చురుక్కుమంది. ఆ వాసనకి, ఆ మంటకి నాయనమ్మ గుర్తొచ్చింది. ఫోను పక్కన పెట్టేశాను. నేను ఫోను పక్కన పెట్టడమంటే మా ఇంట్లో పెద్ద వార్తే.

నాయనమ్మ పేరు సువార్తమ్మ. వీరులపాడు పిల్ల. అరవైల మొదట్లో జగ్గయ్యపేటకి కోడలిగా వచ్చింది. నేను హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, ఆ రోజులు చూడలేదు. కానీ ఈ కథ ఆవిడ చేత ఎన్నిసార్లు చెప్పించుకున్నానంటే, ఆ వంటింటి గడప ఎంత ఎత్తుండేదో కూడా నాకు తెలుసనిపిస్తుంది.

ఆ ఇంటి పెద్ద నాయనమ్మకి మామగారు, అంటే మా ముత్తాత. భార్య పోయిన మనిషి, బడిపంతులు. గొంతెత్తితే వీధి చివరిదాకా వినపడేదట. క్రిస్మస్‌కి ఇంటింటికీ పాడుతూ వెళ్లే గుంపుకి ముందు నడిచేది ఆయనే. నా కోపం కూడా ఆయన ఆస్తే అంటారు. ఆ ఏడు ఆయన కాళ్లు వాచాయి. చెప్పులు పట్టలేదు. నాలుగడుగులేస్తే ఆయాసం. నందిగామ డాక్టరు చూసి, "మందు నేనిస్తా మాస్టారూ. ఉప్పు మీరు తగ్గించాలి. లేకపోతే గుండె తట్టుకోదు" అని తేల్చేశాడు. ఈసారి పాటలకి ముందు నడిచేదెవరని ఆయన దిగులు. అసలు మనిషి దక్కుతాడా అని కొత్త కోడలి దిగులు.

మొదటిరోజు నాయనమ్మ ఉప్పు పూర్తిగా మానేసి వండింది. పళ్లెం వాకిట్లోకి ఎగిరింది.

"కోళ్లు కూడా ముట్టలేదు చూడు!"

"మీ కేకకి పారిపోయాయండీ, రుచి చూసిందెక్కడ?" అని నాలుక చివరిదాకా వచ్చిందట. మింగేసింది. మర్నాటి నుంచి ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా తగ్గించడం మొదలుపెట్టింది. తగ్గిన చోట నిమ్మరసం, వేయించిన జీలకర్ర, దంచిన వెల్లుల్లి వేసి సర్దింది. ఆయన నాలుక పసిగట్టలేదు. అయితేనేం, కూరలో తగ్గిందంతా పళ్లెం అంచున పెట్టుకునే కల్లుప్పులో తిరిగొచ్చేసేది. ఆ ఉప్పుగళ్లు ఆయనకి పక్కన ఉండాల్సిందే.

మామగారికి కోడలు వద్దని చెప్పే రోజులు కావవి. చెప్పకుండానే కానిచ్చింది నాయనమ్మ. శకునాలు నమ్మకండని ఆదివారం చర్చిలో చెప్పే ఆయనే, ఇంట్లో మాత్రం వాళ్లమ్మ పట్టింపులన్నీ పట్టుకున్న కొడుకు. ఉప్పు చేతికి చేతికి ఇస్తే పోట్లాటలొస్తాయి, కింద పెట్టాలి. తింటూ మధ్యలో లేవకూడదు. మామగారు తింటుంటే కోడలు ఎదుట పడకూడదు. మూడూ ఆయన పెట్టిన కట్టుబాట్లే. ఓ మధ్యాహ్నం నాయనమ్మ అన్నం వడ్డించి, తలుపు చాటుకి వెళ్లిపోయింది. ఆయన ముద్ద కలిపాడు.

"అమ్మాయ్, ఉప్పేదీ?"

"గడప మీద పెట్టానండీ మామయ్యగారూ."

"గడప మీదెందుకూ? తెచ్చి ఇక్కడ పెట్టు!"

"మీరు తింటుంటే ఎదురుగా రాకూడదన్నారు కదండీ."

"సరే, చెయ్యి చాపి ఇటియ్యి!"

"చేతికిస్తే పోట్లాటొస్తుందన్నారు కదండీ."

"నేనే వచ్చి తీసుకుంటా!"

"తింటూ లేవకూడదని కూడా..."

పళ్లెం మళ్లీ ఎగురుతుందనే అనుకుందట. ఎగరలేదు. ఇల్లదిరేలా నవ్వు. "ఓసి నీ తెలివి తగలెయ్యా! నా తాళ్లతోనే నన్ను కట్టేశావా!"

"నిమ్మబద్ద పళ్లెంలోనే ఉందండీ" అంది తలుపు చాటు నుంచి.

పిండుకుని తిన్నాడు. ఆ పూటే కాదు, ఆ తర్వాత కూడా. గడప మీది ఉప్పుచిప్ప గడప మీదే ఉండిపోయింది. మిరప చేల నుంచి కూలి ఆడవాళ్లు వచ్చినప్పుడు నాయనమ్మ మజ్జిగలో ఉప్పు వేసి ఇస్తుంటే మాత్రం ఆయనకి ఒళ్లు మండేది. "వాళ్లకో న్యాయం, నాకో న్యాయమా?"

"వాళ్లు ఎండలో చెమటోడ్చి వచ్చారండీ. మీరూ ఓ సాలు మిరపకాయలు కోసి రండి, మీకూ వేస్తా!"

డిసెంబరు నాటికి మందూ పనిచేసింది, గడపా పనిచేసింది. చెప్పులు మళ్లీ కాళ్లకి పట్టాయి. పాటల గుంపుకి ముందు ఆయనే నడిచాడు. ఆగిన ప్రతి ఇంట్లోనూ పాటకంటే ముందు కోడలు తనని కట్టేసిన కథే చెప్పాడట.

నాకు పదహారేళ్లప్పుడు నాయనమ్మ మా ఇంటికొచ్చింది. ఫోను చూస్తూ చిప్స్ నములుతున్నాను. ఓసారి లేచి వచ్చేసరికి ప్యాకెట్ లేదు.

"నాయనమ్మా! నా చిప్సేవీ?"

"కింద, మీ నాన్న చేత స్కూటర్ డిక్కీలో పెట్టించానే తల్లీ. తినొద్దన్నానా? వెళ్లి తెచ్చుకో."

మూడంతస్తులు. ఆ రోజు లిఫ్టు పనిచేయట్లేదు. నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. నాయనమ్మ పకపకా నవ్వింది. "అచ్చం మా మామగారే!" అంది. చిప్స్ మాత్రం డిక్కీలోనే మెత్తబడ్డాయి.

ఇప్పుడు నా ఉప్పు డబ్బా పై అరలో ఉంటుంది. స్టూలెక్కితేగానీ అందదు. ఉప్పు మానలేదు. ఒంటికి కావలసింది వంటలోనే వేస్తున్నాను, చేతికి అందే దూరం నుంచి మాత్రం తీసేశాను. బాబాయికి కూడా అదే రాశాను. రంగు కాదు బాబాయ్, దూరం చూడు అని. మీరూ బాబాయి పక్షమేనా? అయితే చెప్పండి, పళ్లెం పక్కనే డబ్బా పెట్టుకుని చెయ్యి చాపకుండా ఎన్నాళ్లుండగలరు?