యంత్రం దాటేసిన గుంట

మా ఎదురింటి లెక్కల మాస్టారు బుధవారం పొద్దున్న పోయారు. ముందురోజు సాయంత్రం మా ఇంటికొచ్చి తోడుకి మజ్జిగచుక్క పట్టుకెళ్లిన మనిషి. పొద్దున్న వెళ్లి చూస్తే పెరుగు గట్టిగా తోడుకుని ఉంది. ఆయన కుర్చీలో ఒరిగిపోయి ఉన్నారు. ఇప్పటికీ నా బుర్రకి ఎక్కడం లేదు.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. చదివేవాళ్లకి ఒక్క సంగతి తెలియాలి. ఆయన తప్పు చెప్పలేదు.

మా ఘాజియాబాద్ వీధిలో కూరల బండివాడికి ఆయనంటే హడలు. ప్రతి వంకాయనీ తిప్పి తిప్పి చూసేవారు. "మాస్టర్‌జీ, సబ్జీ హై, సోనా నహీ!" అని, కూరగాయలే గానీ బంగారం కాదని వాడు గొణిగితే, "దూరం నుంచి అన్నీ నున్నగానే ఉంటాయి భయ్యా" అని తెలుగులోనే జవాబిచ్చేవారు.

ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేవారు. ఒక లెక్క ఇచ్చి, దాని గీత ఎక్కడ గుట్టలా లేస్తుందో, ఎక్కడ గుంటలా దిగుతుందో కంప్యూటర్లో గీసి తెమ్మన్నారు. పిల్లలందరూ ఒకే ఒక్క గుట్ట గీసుకొచ్చారు. అందరికీ సున్నా. అక్కడే చదివే మా మనవరాలు ఏడుస్తూ ఇంటికొచ్చింది. నేను కొంగు దోపుకుని ఎదురింటికి వెళ్లాను.

"గీసింది కంప్యూటరైతే పిల్లకి సున్నా ఏమిటి మాస్టారూ? దానికే వెయ్యండి!"

"దానికే వేశాను పిన్నిగారూ, మీ పిల్ల అడ్డొచ్చింది. కూర్చోండి."

ల్యాప్‌టాప్ నా వైపు తిప్పారు. "ఇది అడుగులేసుకుంటూ పోతుంది. అడుగు పడిన చోట చుక్క పెట్టి, చుక్కలు కలిపేస్తుంది. రెండడుగుల మధ్య గుంట ఉంటే దాటేసి పోతుంది." అడుగులు చిన్నవి చేశారు. నున్నటి గుట్ట వాలులో సన్నగా, బోరు గొయ్యిలా ఒక గుంట పడింది. "ఆ చుట్టుపక్కలకి అదే పల్లం. స్థానిక కనిష్ఠం అంటాం. కాగితం మీద లెక్క కట్టి చూస్తే ముందే తెలిసేది."

నేను చూశాను. ఈ కళ్లతోనే.

సున్నాలు వేశారని పిల్లల తల్లిదండ్రులు గొడవ చేశారు. సెంటర్‌వాళ్లు ఆయన క్లాసు తీసేశారు. "అక్కడ ఒక్కరైనా దగ్గరికొచ్చి చూడలేదు పిన్నిగారూ" అన్నారు, అంతే. పది రోజులకి మనిషే లేరు.

ఆదివారం సెంటర్లో సంతాపసభ పెట్టారు. ఆ సెంటర్ నడిపే ఆయన లేచి, "గొప్ప మాస్టారు. చివర్లో వయసు మీదపడి తడబడ్డారు, పాపం" అన్నాడు.

నేను లేచాను. "ఎవరు తడబడ్డారు? ఆ లెక్క చూపించు."

"ఆంటీజీ, అది మీకు అర్థం కాదు..."

"చదువు రాదు, కళ్లున్నాయి. చూపించు."

మనవరాలు గోడమీది పెద్ద తెరకి ల్యాప్‌టాప్ కలిపింది. నున్నటి గుట్ట వచ్చింది. "దేఖియే, చూడండి, ఒకటే గుట్ట" అన్నాడాయన. పిల్ల అడుగులు చిన్నవి చేసింది. గుంట పడింది.

ఆయన కూర్చుండిపోయాడు. నాకు గెలిచినట్టు లేదు. చూపించడానికి నిమిషం పట్టలేదు. ఆ నిమిషం మాస్టారు బతికుండగా ఎవరూ ఇవ్వలేదు.

పిల్లలు ఒక్కొక్కరే లేచి తెర దగ్గరికి వచ్చారు. ఒక అమ్మాయి ఆ గుంట అడుగున వేలు పెట్టి, తియ్యకుండా అలాగే నిలబడింది.