టేబుల్లో ఓబులప్ప

నేను దయ్యాల్ని నమ్మను. చిన్నప్పటినుంచి మా భజన మందిరంలో శాస్త్రం విని పెరిగినదాన్ని. చనిపోయినవాళ్ళు తమ కర్మను బట్టి ఇంకో దేహంలోకి పోతారు, పొలాల్లో కాపురం ఉండరు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. కాబట్టి ఇది చదివి కంప్యూటరుకు నిమ్మకాయలు కట్టమని సలహా ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చినవాళ్ళ మీద నాకింకా కోపం తీరలేదు.

పావగడలో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో పనిచేసేదాన్ని. సోలార్ పార్కు కోసం రైతుల భూములు లీజుకు తీసుకునే పత్రాలు అక్కడ తయారయ్యేవి. సర్వేకు పోయినవాళ్ళు ఒక్కో పొలం వివరాలు ఎక్సెల్ షీటులో నింపి పంపుతారు. సర్వే నంబరు, రైతు పేరు, హద్దులు, పొలంలో ఉన్నవి. మొదట్లో వాటిని చూసి లీజు పత్రంలోని టేబుల్లో నేనే టైపు చేసేదాన్ని. తర్వాత ఒక టూల్ పెట్టినారు. బటన్ నొక్కితే షీటులో ఉన్నదంతా దానంతటదే పత్రంలో ఏ గడిది ఆ గడిలోకి వచ్చేస్తుంది. మా ఊళ్ళల్లో మాట్లాడేది తెలుగే అయినా, కాగితాలంతా కన్నడమే.

ఒకరోజు మధ్యాహ్నం క్యాతగానచెర్లు దగ్గరి పొలాల పత్రాలు తీస్తున్నాను. నరసమ్మ అనే ముసలామె పత్రంలో, 'పొలంలో ఉన్నవి' అనే గడిలో, బోరు, వేపచెట్టు అని కన్నడంలో ఉంది. దాని కింద తెలుగు అక్షరాల్లో 'ఓబులప్ప ఉండాడు' అని ఉంది.

షీటు తెరిచి చూసినాను. బోరు, వేపచెట్టు, అంతే. ఓబులప్ప ఆమె భర్త, చనిపోయినాడు. రైతు పేరు పక్కన ఆయన పేరు ఉన్న మాట నిజమే గానీ అది కన్నడంలో ఉంది. 'ఉండాడు' అనే మాట కోసం షీటంతా వెతికినాను, ఎక్కడా లేదు. చెరిపేసి మళ్ళీ బటన్ నొక్కితే మళ్ళీ వచ్చింది. పక్క కంప్యూటర్లో చేసినా వచ్చింది. ఇంకే రైతు పత్రంలోనూ రాలేదు.

మేనేజరుకు చూపించినాను. "మీ భజనలో ఒక పాట పాడమ్మా, పోతాదేమో," అని నవ్వినాడు. టూల్ తయారుచేసినాయన్ను పిలిపిస్తే ఆయన సాయంత్రం దాకా కూర్చుని, తలగోక్కుని పోయినాడు.

మరుసటి రోజు నేనే బస్సెక్కి ఆ పొలానికి పోయినాను. వేరుశెనగ చేని మధ్యలో సున్నం కొట్టిన సమాధి ఉంది. మా పక్క చానామంది ఇంటి పెద్దల్ని సొంత పొలంలోనే పూడుస్తారు. సమాధిని ఆనుకునే సర్వేవాళ్ళు కర్ర పాతి ఎర్రగుడ్డ కట్టినారు. ప్యానెళ్ళ వరస పోయేది దాని మీదుగానే. కళ్ళున్నవాడెవడైనా సమాధిని చూడకుండా ఆ కర్ర పాతలేడు.

నరసమ్మ కలుపు తీస్తూ ఉంది. సమాధి సంగతి సర్వేవాళ్ళకు చెప్పలేదా అవ్వా, అని అడిగినాను.

"చేన్లో ఏమేం వస్తువులుండాయని అడిగినాడు మ్మా. బోరు చెప్పినా, చెట్టు చెప్పినా. ఆయప్ప వస్తువా ఏంది?"

భర్త పేరు ఆమె నోటితో పలకలేదు. ఆ తరం ఆడవాళ్ళు పలకరు.

"భూమి ఇస్తాం, ఇయ్యం అనలేదు. ఆయప్పను మాత్రం కదిలియ్యొద్దని కాగితంలో రాయించు తల్లీ," అనింది.

వచ్చి మేనేజరుకు చెప్పినాను. ఒక సమాధి కోసం వరసంతా వంకర తిప్పమంటావా, టూల్ పక్కనపెట్టి చేత్తో టైపు చెయ్యి అన్నాడు. చెయ్యనన్నాను. ఆయనే కూర్చుని టైపు చేసినాడు. బోరు, వేపచెట్టు. రోజూ ఆఫీసు తెరవగానే దేవుడి పటాలకు ఊదుబత్తి వెలిగించి చెంపలేసుకునే మనిషి. ఆ చేతులతోనే.

వేలిముద్రలకు రైతుల్ని పిలిచిన రోజు నరసమ్మ కూడా వచ్చింది. వేలికి ఇంకు పూసినారు. ఆమె కాగితం వైపు చూడకుండా నా వైపు తిరిగింది.

"ఆయప్ప సంగతి రాసినారా? చదువు తల్లీ."

మేనేజరు నన్నే చూస్తున్నాడు. నేను ఆ గడి చదివినాను. బోరు, వేపచెట్టు, అంతే అవ్వా, అన్నాను.

"అట్లయితే నా వేలు నాకాడే ఉండనీప్పా," అని మేనేజరుతో చెప్పి, ఇంకు కొంగుకు తుడుచుకుని లేచి పోయింది.

ఆ పూటే నా ఉద్యోగం పోయింది. సమాధి మాత్రం ఉంది, చుట్టూ వేరుశెనగ చేను ఉంది.

ఆ మాట టేబుల్లోకి ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలీదు. శాస్త్రం ప్రకారం ఓబులప్ప అక్కడ ఉండడు. నేను శాస్త్రాన్నే నమ్ముతాను. కానీ నా కళ్ళతో చూసినదాన్ని చూడలేదని చెప్పలేను. మందిరంలోనూ బజారులోనూ అందరూ ఆ మాట ఎవరు రాసినారని నన్నే అడుగుతారు. సమాధి పక్కన నిలబడి, కర్ర పాతించి, బోరు, వేపచెట్టు అని రాసుకుని పోయినవాణ్ణి మాత్రం ఇంతవరకు ఒక్కరూ ఏమీ అడగలేదు.