మిద్దె మీది చువ్వలు

మా ఇంటి మిద్దె మీద ప్రతి మూలా ఇనుప చువ్వలు పైకి లేచి ఉండేవి. పై అంతస్తు కట్టుకునే రోజు కోసం పిల్లర్ల చువ్వలు అలా వదిలేయడం మా దగ్గర అందరూ చేసే పనే. తుప్పు పట్టకుండానో, దిష్టి తగలకుండానో మా మామ వాటికి ఖాళీ సీసాలు బోర్లించాడు. కింది వాటా పెద్దకొడుకుది, పై వాటా చిన్నకొడుకుది అని నా పెళ్లిచూపుల నాడే చెప్పాడాయన. నేను చిన్నకోడలిని. నా తోడికోడలు మంచిదే, కానీ ఒకే పొయ్యి దగ్గర ఇద్దరం ఎంత మంచిగా ఉన్నా పోపుగింజల దగ్గరైనా మాట వస్తుంది. బట్టలారేయడానికి పైకి వెళ్లినప్పుడల్లా పొయ్యి ఏ మూలకు పెట్టాలో, గిన్నెల అర ఎటు రావాలో చూసుకునేదాన్ని. ఆ చువ్వలే నా వంటిల్లు.

మా కాలనీ ఎనుమాముల మార్కెట్ దాటాక వస్తుంది. నేను కాపురానికి వచ్చినప్పుడు చుట్టూ పత్తిచేలే. తర్వాత చేలన్నీ ప్లాట్లయ్యాయి, ప్లాట్లన్నీ ఇళ్లయ్యాయి, అందరి కూలర్లూ ఒకే కరెంటు మీద పడ్డాయి. ఎండాకాలం ఫ్యాను తిరుగుతుందో లేదో పరీక్షగా చూస్తే తప్ప తెలిసేది కాదు. కొత్త లైను వేయాలని కాలనీ అంతా కలిసి కరెంటాఫీసుకు వెళ్లాం. అక్కడ అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

లైను వచ్చింది. మా వరుస ఇళ్ల మీదుగానే వచ్చింది. టవర్లు లేచాయి, బొటనవేలంత లావు తీగలు మా మిద్దె మీదుగా సాగాయి. ఆఫీసు మనుషులు వచ్చి ఇక పైకి కట్టొద్దని చెప్పారు. మామ వాళ్లకు చాయ్ పోయించి, వాళ్లు వెళ్లాక నవ్వాడు.

“మనది లేస్తే వాళ్లే జరుపుకుంటరు. తీగలల్ల కరెంటే లేదాయె,” అన్నాడు.

నిజమే, కరెంటు లేదు. వానాకాలం గడిచినా రాలేదు. టవరు కాలికి ఎవరో బర్రెను కట్టేసేవారు. తీగల్లోకి కరెంటు వదులుతున్నాం, ఎవరూ దగ్గరికి పోవద్దని మైకు పెట్టుకుని ఒక ఆటో రెండుసార్లు తిరిగింది. రెండుసార్లూ ఏమీ జరగలేదు. మూడోసారి వస్తే ఎవరూ గడప దాటి చూడలేదు. నేను మాత్రం ఆ తీగల కింద భయంభయంగానే బట్టలారేసేదాన్ని. అయినా నోరు మూసుకున్నాను, వంటిల్లు కావాలి కదా.

పిల్లర్లు లేపే రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది. రాత్రి కురిసిన జల్లుకు మిద్దె ఇంకా తడిగానే ఉంది. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టించి, అడ్డంగా ఉందని నన్ను దండెం విప్పమన్నాడు. మా దండెం రెండు వెదురు కర్రలకు కట్టిన ఇనుప తీగ. చెప్పుల్లేకుండా వెళ్లి పట్టుకున్నాను. చెయ్యి మోచేతి దాకా జివ్వుమంది. తల ఎత్తి చూస్తే పైన తీగలు ఎప్పటిలాగే ఉన్నాయి. చెవి పెట్టి వింటే మాత్రం బెల్లం మీద ఈగలు ముసిరినట్టు సన్నని చప్పుడు. నా వెనక ఒక కూలీ పొడవాటి చువ్వను నిలబెట్టడానికి వంగుతున్నాడు.

పై తీగల్లోకి కరెంటు వచ్చింది, తగలకుండానే కింది ఇనుములోకి దిగుతోంది, ఆపండని చెప్పాను. మేస్త్రీ నవ్వాడు. ముహూర్తం దాటిపోతుందని మామ కసురుకున్నాడు. ఆ ఇంట్లో నేను ఏనాడూ ఆయన ముందు కూర్చోలేదు. ఆ రోజు వెళ్లి, పిల్లర్ల కోసం మిద్దె మీదికి చేర్చిన కొత్త చువ్వల కట్ట మీద కూర్చున్నాను.

“నీ వంటిల్లే గదా బిడ్డా. నువ్వే అడ్డం కూసుంటవా?” అన్నాడు మామ.

నేను లేవలేదు. ఆయన కోపంగా వెళ్లి దండెం పీకేయబోయి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. అరచెయ్యి పంచెకు రుద్దుకుని పై తీగల వైపు చూశాడు. కూలీ చువ్వను మెల్లగా కింద పెట్టేశాడు.

ఆ వారంలోనే పిల్లర్ల చువ్వలు కోయించి సిమెంటు పూయించాడు మామ. నేను నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని కరువుదీరా ఏడ్చాను. ప్రాణాలు దక్కాయి కదా అని ఇంట్లో అందరూ ఓదార్చారు. వాళ్లందరికీ వంటిల్లు ఉంది.

కిందికి దింపించిన కొత్త చువ్వల కట్ట గేటు పక్కనే పడి ఉండేది. నిన్న ట్రాక్టరు వచ్చి దాన్ని ఎత్తుకెళ్లింది. నాలుగిళ్ల అవతలి వాళ్లకు అమ్మేశాడట మామ. వాళ్ల మిద్దె మీద కూడా అవే తీగలు. అదేమిటని అడిగితే, నా మొహం చూడకుండా, ఇనుము ఇనుమే కదా అన్నాడు.

ఈ పొద్దున వాళ్లింటికి వెళ్లాను. ఆ ఇంటి చిన్నకోడలు మిద్దె ఊడుస్తోంది. జరిగిందంతా చెప్పాను. చీపురు పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

“మీకు దక్కలేదని మాకు గూడ దక్కొద్దా అక్కా?” అంది.

చెయ్యి పట్టుకుని ఆమెను దండెం దగ్గరికి తీసుకెళ్లాను. తీరా చూస్తే అది నైలాన్ తాడు, దానికి కరెంటు పాకదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చెయ్యి జరిపి చూసుకుంది.

“నాకేం కొడ్తలేదు,” అని నవ్వింది. పొయ్యి ఈ మూలకు పెట్టుకుంటానని చూపించింది. నేను పెట్టుకుందామనుకున్న మూలే.

కిందికి వచ్చి వాళ్ల గేటు ముందున్న ఆ చువ్వల మీదే మళ్లీ కూర్చున్నాను. మా ఇంట్లో అయితే మామ ఒక్కమాట అని ఊరుకున్నాడు. ఇక్కడ నలుగురు వచ్చి నన్ను లేపి ఇంటికి పంపించారు. కరెంటాఫీసుకు ఫోన్ చేస్తే మనిషిని పంపిస్తామన్నారు. ఆ మనిషి ఇంకా రాలేదు. నేనిది రాస్తుంటే నాలుగిళ్ల అవతల చువ్వలు ఒక్కొక్కటే మిద్దె మీదికి చేరుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.